అడ్డాకులు దిగివచ్చిన దారి

పిల్లలూ!

విశాఖపట్నంలో ఉన్నవారికి పూర్ణా మార్కెట్టు గురించి వేరే చెప్పనక్కరలేదు. పై ఊళ్ళవారికోసం నాలుగు మాటలు చెబుతాను. పాత ఊరికి చేరువలో, తెల్లవారింది మొదలు జనంతో కిటకిటలాడే పెద్ద బజారు అది. కూరగాయలు, పళ్ళు, పూలు, పచారీ సరుకులు, పూజాసామగ్రి, వీటిలో ఏది కావలసినా అక్కడ దొరుకుతుంది. పండుగ ముందురోజున ఆ సందులలో నడవాలంటే భుజం భుజం రాసుకోక తప్పదు.

ఈసారి అమ్మగారి వెంట సంచీ పట్టుకుని బజారుకు వెళ్ళినప్పుడు మీరొక చిన్న పని చెయ్యండి. ఏ సరుకు ఎక్కడినుంచి వచ్చిందో అడిగి తెలుసుకోండి. చేప సముద్రంనుంచి వచ్చిందని అడగకుండానే తెలుస్తుంది. మరి చింతపండు, కొండచీపుళ్ళు, పసుపుకొమ్ములు, కుంకుడుకాయలు, శీకాయ, తేనె, పనసకాయలు ఎక్కడివి? వీటిలో చాలావాటికి వచ్చే జవాబు ఒకటే: “ఏజెన్సీ సరుకు, బాబూ!”

ఏజెన్సీ అంటే మన పడమటి కొండలు, అడవులు. ఇంగ్లీషువారి కాలంలో, 1839 నాటి చట్టం ప్రకారం, ఈ కొండప్రాంతాలకు మామూలు కోర్టులు, మామూలు చట్టాలు వర్తించేవి కావు. జిల్లా కలెక్టరే గవర్నరుకు ఏజెంటుగా ఉండి అక్కడ పరిపాలన చేసేవాడు. ఆ ఏజెంటు మాటనుంచే ఏజెన్సీ అన్న పేరు వచ్చింది. మన పెద్దలు దానిని మన్యం అంటారు.

ఆ సరుకులన్నిటిలో ఇవాళ నేను ఒక్కదానిని మాత్రమే మీ ముందు పెడతాను. అది అడ్డాకుల కట్ట. పెళ్ళిభోజనాల విస్తళ్ళు, టిఫిను దొన్నెలు దీనితోనే కుడతారు. అన్నవరం ప్రసాదం కట్టి ఇచ్చేది కూడా ఈ ఆకులోనే. ఒక ఆకును చేతిలోకి తీసుకుని చూడండి. చివర రెండు పాయలుగా చీలి, ఆవుగిట్ట గుర్తులా ఉంటుంది. ఒక్కొక్క ఆకు జానెడు వెడల్పు దాటి ఉంటుంది. ఇది చెట్టుఆకు కాదు, తీగఆకు. తీగ అంటే మన పెరట్లోని చిక్కుడుతీగలాంటిది అనుకునేరు! అడ్డతీగ ముదిరితే మనిషి తొడంత లావవుతుంది. పెద్ద పెద్ద చెట్లను చుట్టుకుని, వాటి తలలమీదికి ఎక్కి, ఎండలో గొడుగులా పరుచుకుంటుంది. దాని నారతో మోకులు పేనుతారు. దాని కాయ కొయ్యబద్దలా గట్టిగా ఉంటుంది. ఎండలు ముదిరేసరికి ఆ కాయ ఫట్టుమని పేలి రెండుగా విచ్చుకుంటుంది, గింజలు దూరంగా చిమ్ముకుపోతాయి. తన బిడ్డలను దూరదూరంగా పంపించడానికి ఆ తీగ నేర్చిన ఉపాయం అది. ఆ గింజలను కాల్చుకుని తింటారు కూడా. మన్యంలో అడ్డతీగల అనే ఊరు ఒకటుంది. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఈ ఆకులు కొండ దిగి మన బజారుకు వచ్చే దారులలో ఒకటి చింతపల్లినుంచి లంబసింగి మీదుగా నర్సీపట్నానికి దిగే ఘాటురోడ్డు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో అక్కడ పొద్దెక్కేదాకా మంచు విడదు. ఇప్పుడు ఆ దారిన బస్సులు, లారీలు హాయిగా తిరుగుతున్నాయి. వందేళ్ళ క్రితం ఆ కొండను తొలిచి రోడ్డు వేసినవారు ఎవరో తెలుసా? కొండవాళ్ళే. ఆ రోడ్డు పనిదగ్గర జరిగిన అన్యాయంలోనుంచే ఒక గొప్ప స్నేహం, ఆ స్నేహంలోనుంచి ఒక గొప్ప సాహసగాథ పుట్టాయి. ఈ నెల మన కబురు అదే.

కథలో మొదటి స్నేహితుడు మైదానం కుర్రవాడు. 1897 జూలై 4న భీమునిపట్నానికి దగ్గరలో ఉన్న పాండ్రంగిలో పుట్టాడు. పెట్టిన పేరు శ్రీరామరాజు, ఇంటిపేరు అల్లూరి. ఆయన ఎవరో ఈపాటికి మీరు పోల్చుకునే ఉంటారు. కాని పేరు వినగానే మీ కళ్ళకు కట్టే విల్లంబుల వీరుడిని కాస్సేపు పక్కన పెట్టండి. ముందు ఆ పిల్లవాడిని చూడండి.

1908లో గోదావరి పుష్కరాలు వచ్చాయి. ఆ సమయంలో రాజమహేంద్రవరంలో కలరా సోకి తండ్రి వెంకటరామరాజు చనిపోయాడు. పిల్లవాడికి అప్పటికి పదకొండో ఏడు. తల్లి సూర్యనారాయణమ్మ, ఒక చెల్లెలు, ఒక తమ్ముడు. పినతండ్రి ఆదుకున్నాడు. అయినా ఇల్లు ఒకచోట నిలవలేదు, బడీ ఒకచోట నిలవలేదు. కాకినాడలో కొన్నాళ్ళు, నరసాపురంలో కొన్నాళ్ళు, విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కాలేజీలో కొన్నాళ్ళు చదువు సాగింది. ఆ కాలేజీ ఇప్పటికీ ఉంది, పూర్ణా మార్కెట్టుకు ఎంతో దూరం కూడా కాదు. పాఠాలమీద అతనికి మనసు నిలిచేది కాదు. గుర్రపుస్వారీ, మూలికావైద్యం, జ్యోతిషం, యోగం నేర్చుకోవాలని తహతహ. 1916లో ఉత్తరదేశ యాత్రకు బయలుదేరి కాశీ మొదలైన పుణ్యస్థలాలు తిరిగాడు. తిరిగివచ్చి 1917లో మన్యం అంచున ఉన్న కృష్ణదేవిపేట చేరాడు. అప్పుడు ఆయన వయస్సు ఇరవై. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. మెడలో రుద్రాక్షలు, ఒంటిమీద సన్యాసి బట్ట. చూసేవారికి దారి తప్పిన కుర్రవాడిలా ఉండేవాడు.

ఇక రెండో పక్క స్నేహితులు. వీరిద్దరూ అన్నదమ్ములు: గాం గంటందొర, గాం మల్లుదొర. “దొర” అనగానే తెల్లదొర అనుకోకండి. కొండల్లో అది పెద్దమనిషికి ఇచ్చే గౌరవపదం. అక్కడ కొన్ని ఊళ్ళ గుంపును ముఠా అనేవారు, దాని పెద్దను ముఠాదారు అనేవారు. గంటందొర బట్టిపనుకుల గ్రామానికి మునసబుగా ఉండేవాడు. కాగితం, కచ్చేరీ, లెక్క, శిస్తు అన్నీ తెలిసినవాడు. తనవాళ్ళకు జరిగేది న్యాయమో అన్యాయమో చూసి చెప్పగలవాడు.

ఆ రోజుల్లో గూడెం ప్రాంతానికి బాస్టియన్ అని ఒక డిప్యూటీ తహసీల్దారు ఉండేవాడు. నర్సీపట్నం, చింతపల్లి రోడ్డు పని అతని చేతిలో ఉండేది. ఆ పనికి కొండవాళ్ళను బలవంతంగా తోలుకువచ్చేవారు. రోజుకు ఆరణాల కూలి రావలసినచోట చేతిలో పడేది అందులో కొద్దిపాటి మాత్రమే. అణా అంటే మీకు తెలియకపోవచ్చు. అప్పట్లో రూపాయికి పదహారు అణాలు. ఎండలో బండలు పగలగొట్టి, సాయంత్రానికి పిల్లలకు గంజినీళ్ళు పోయడానికి కూడా చాలని డబ్బు పట్టుకుని ఇంటికి పోవాలి. ఎదురు చెబితే కొరడాదెబ్బలు. గంటందొర ఈ అన్యాయానికి అడ్డు తగిలాడు. అంచేత మునసబు పని పోయింది, భూమీ పోయింది.

ఇది చాలదన్నట్టు అడవి కష్టం ఒకటి. కొండవాళ్ళ సేద్యానికి పోడు అని పేరు. ఏటవాలులో ఒక ముక్క నరికి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిద ఎరువులో వానలు పడగానే చోళ్ళు, సామలు, కందులు చల్లుతారు. రెండు మూడు పంటలు అయ్యాక ఆ ముక్కను వదిలేసి వేరొకచోటికి పోతారు. వదిలినచోట అడవి మళ్ళీ పెరుగుతుంది. 1882 నాటి మద్రాసు అటవీచట్టం వచ్చాక ఈ సేద్యం నేరమైపోయింది. తాతలనాటి అడవిలో కట్టె విరిచినా, మేకను మేపినా జరిమానా. ఇంటివాడే ఇంట్లో దొంగ అయ్యాడు.

ఇక్కడ మీరు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. “పాపం, కొండవాళ్ళకు ఏమీ తెలియదు, రాజు వచ్చి అంతా నేర్పాడు” అని కొందరు కథ చెబుతారు. అది సరికాదు. రాజు పుట్టకముందే, 1879లో, రంప ప్రాంతంలో కొండవాళ్ళు పెద్ద పితూరీ లేవదీశారు. కారం తమ్మన్నదొరవంటి నాయకులు వారిని నడిపారు. వారు చెట్టునుంచి తీసుకునే కల్లుమీద కూడా పన్ను వేయడం ఆనాటి కారణాలలో ఒకటి. ధైర్యం కొండకు కొత్తది కాదు. మైదానంనుంచి ఎవరో మోసుకుపోయి ఇచ్చినదీ కాదు.

మరి రాజు ఇచ్చినదేమిటి? తనకు తెలిసిన మూలికావైద్యం చేశాడు. తగువులు వస్తే కచ్చేరీలకు పోయి డబ్బు పోసుకోకుండా ఊళ్ళోనే పంచాయతీ పెట్టి తీర్చుకోమన్నాడు. తాగుడు మానమని ఊరూరా తిరిగి చెప్పాడు. కొండ ఇచ్చినది ఇంతకంటె తక్కువేమీ కాదు. ఏ వాగు ఎక్కడ దాటవచ్చు, ఏ దారి ఏ కనుమలోకి పోతుంది, ఏ దుంప తినవచ్చు, ఏది తినకూడదు, చప్పుడు కాకుండా ఆకులమీద ఎలా నడవాలి, ఇవేవీ ఏ.వి.ఎన్. కాలేజీలో చెప్పే పాఠాలు కావు. ఊరు ఊరూ తిరిగినకొద్దీ, వారి గుడిసెల్లో వారు తినేదే తిన్నకొద్దీ, ఆ పాఠాలు ఆయనకు వచ్చాయి. మాటకూ మాటకూ తేడా ఉండే చోటు అది. కొందరిది తెలుగు, కొందరిది ఆదివాసీ ఒరియా, కొందరిది కువి, కోయ. మొదటి బడి రాజుకు అచ్చిరాలేదు. ఈ రెండో బడిలో మాత్రం ఆయన బుద్ధిగా కూర్చున్నాడు. నలభై ఏళ్ళు బడిపంతులుగా ఉన్నవాడిని కనుక చెబుతున్నాను: నేర్పేవాడిమీద గౌరవం ఉన్నచోట పిల్లవాడు ఇట్టే నేర్చుకుంటాడు.

పోలీసులకు అనుమానం రానే వచ్చింది. రాజును కొన్నాళ్ళు కనిపెట్టి ఉంచారు. పోలవరంలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న ఫజులుల్లాఖాన్ అనే ముస్లిం అధికారి మాత్రం ఆయనను మంచిగా చూశాడు. పైడిపుట్టవద్ద సాగు చేసుకోమని భూమి ఇప్పించాడు. సర్కారు ఉద్యోగులలోనూ మంచివారు ఉంటారని చెప్పడానికి ఈ ముక్క చెప్పాను. ఆ భూమిలో రాజు హాయిగా కాపురం చేసుకుని ఉండవచ్చు. కాని గంటందొర పోగొట్టుకున్న పొలం సంగతి, రోడ్డుమీద కూలివాళ్ళ వీపుల సంగతి ఆయనకు తెలుసు. స్నేహితుడి పొయ్యి ఆరిపోతే, మన పొయ్యిమీద అన్నం ఎలా రుచిస్తుంది?

1922 ఆగస్టు 22న సుమారు 300 మంది చింతపల్లి పోలీసుస్టేషనుమీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట. ఆ మర్నాడు రాజవొమ్మంగి. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరను కూడా విడిపించుకువచ్చారు. మూడు రోజుల్లో 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేజిక్కాయి. వింత ఏమిటంటే, ఏమేమి తీసుకున్నదీ స్టేషను పుస్తకంలో లెక్క వ్రాసి, రాజు కింద సంతకం చేసి మరీ వచ్చాడు. “దొంగతనం కాదు, యుద్ధం” అని చెప్పే పద్ధతి అది. ఆ తరువాత ఫలానా చోటికి వస్తున్నామని ముందుగా జాబు పంపేవాడనీ, దానితోపాటు మిరపకాయలు కట్టి పంపేవాడనీ, దానికి మిరపకాయ టపా అని పేరు వచ్చిందనీ మన్యంలో నేటికీ చెప్పుకుంటారు. అక్టోబరులో అలా వారు వెళ్ళిన ఊళ్ళలో ఒకటి, ఇందాక గుర్తుపెట్టుకోమన్న అడ్డతీగల!

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగిన సంగతి వినండి. సన్నని దారి, రెండు వైపులా చెట్లు. సర్కారు దళం వరుసగా నడచివస్తున్నది. పొదలలో కూర్చున్నవారు మన దేశపు సిపాయిలను ముందుకు పోనిచ్చారు. వెనుక వచ్చిన ఇంగ్లీషు అధికారులు స్కాట్ కవర్డు, హైటరు అనే ఇద్దరిని కాల్చారు. వారిద్దరూ అక్కడే చనిపోయారు. వారికీ తల్లిదండ్రులు ఉంటారు. యుద్ధం కథగా వింటే ఉత్సాహంగా ఉంటుంది, దగ్గరనుంచి చూస్తే దుఃఖంగా ఉంటుంది. ఈ రెండూ మీకు తెలియాలి. డిసెంబరులో పెద్దగడ్డపాలెంవద్ద ఈ పక్షానికీ పెద్ద దెబ్బ తగిలింది.

ఇక అసలు పరీక్ష మొదలైంది. రాజును పట్టి ఇచ్చినవారికి 10,000 రూపాయలు, గంటందొరకు, మల్లుదొరకు వెయ్యేసి రూపాయలు బహుమానం అని సర్కారు చాటింపు వేసింది. రోజుకు అణాలలో కూలి దొరికే చోట పదివేలంటే ఎంతో మీరే లెక్క కట్టుకోండి. ఆరణాల కూలివాడు ఒక్క పైసా ఖర్చుపెట్టకుండా కూడబెడితే పదివేలు కావడానికి డెబ్బై ఏళ్ళు దాటుతుంది! మలబారు పోలీసులు వచ్చారు. ఆ తరువాత అస్సాం రైఫిల్సు దళం వచ్చింది. తిండిగింజలు అడవిలోకి చేరకుండా కట్టడి చేశారు. పల్లెలమీద జరిమానాలు వేశారు. అయినా దాదాపు రెండేళ్ళపాటు ఆ అడవి వారిని దాచింది. అడవి అంటే చెట్లు కాదర్రా, మనుషులు! గంజి దాచి పెట్టిన తల్లులు, “మాకు తెలియదు” అని దెబ్బలు తిన్న ముసలివాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

1923 సెప్టెంబరులో మల్లుదొర నడింపాలెంలో పట్టుబడ్డాడు. 1924 మే 7న రాజు మంపవద్ద చిక్కాడు. కొయ్యూరులో ఆయనను కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు ఇంకా 27 ఏళ్ళు నిండలేదు. నాయకుడు పోయాడు కదా అని గంటందొర లొంగిపోవచ్చు. లొంగలేదు. ఆ మరుసటి నెలలో, జూన్‌లో, పోరాడుతూనే పోయాడు. మల్లుదొర అండమాన్ జైలు పాలయ్యాడు. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో జరిగిన మొదటి ఎన్నికలలో, విశాఖపట్నంనుంచి లోక్‌సభకు ఎన్నికై ఢిల్లీ వెళ్ళాడు. ఒకనాడు తలకు వెల కట్టిన మనిషిని అదే జిల్లా ప్రజలు తమ ప్రతినిధిగా పంపారన్నమాట. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. గాం సోదరుల పేరు మాత్రం చాలామంది పిల్లలకు తెలియదు. మీకు ఇవాళ తెలిసింది కదా, మరొకరికి చెప్పండి.

ఇప్పుడు మళ్ళీ పూర్ణా మార్కెట్టుకు వద్దాం. ఈ సరుకుల వెనుక ఇంకొక తగువు చాలాకాలం నడిచింది. కొండ సంతలో షావుకారు తప్పుడు తూకం తూచి, ఉప్పుకూ బట్టకూ బదులుగా చింతపండూ తేనే తీసుకుపోయేవాడు. ఈ మోసం తగ్గించడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అది కొండవాళ్ళ దగ్గర అటవీ సరుకులు కొంటుంది, వారికి కావలసిన సామాన్లు అమ్ముతుంది. బజారులో తేనె సీసామీద ఆ పేరు మీరు చూసే ఉంటారు.

సరుకు మాత్రమే కాదు, పిల్లలు కూడా ఆ దారినే దిగివస్తున్నారు. ఏజెన్సీ ఊళ్ళనుంచి వచ్చి విశాఖలో హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు ఎందరో. మీ తరగతిలోనూ ఒకరు ఉండవచ్చు. అతని మాట యాస వేరుగా ఉంటుంది. మొదటి నెల నోరు విప్పడు. సముద్రం చూసి బెదురుతాడు. అప్పుడు వెనుక బల్లలోనుంచి ఎవరో ఆ యాసను అనుకరిస్తారు, తరగతంతా గొల్లున నవ్వుతుంది. నా పంతులుతనంలో ఇలా నవ్వు భరించలేక పెట్టె సర్దుకుని కొండెక్కిపోయిన పిల్లలను చూశాను. వాళ్ళు తిరిగి రాలేదు. ఒక నవ్వు ఒక చదువును ఆపేయగలదు. ఇది చిన్న సంగతి కాదు.

నవ్వే పిల్లవాడితో నేను ఒకే మాట అంటాను: నాయనా, ఆ కుర్రవాడిని నీ వీధిలో వదిలితే పదిరోజుల్లో దారులన్నీ నేర్చుకుంటాడు. నిన్ను అతని అడవిలో వదిలితే సాయంత్రానికి ఏడుస్తావు. ఎవరికి తెలివి ఎక్కువ? తెలివి ఎక్కువా తక్కువా కాదు, ఎవరి చోటును బట్టి వారి తెలివి. నీది అతనికి చెప్పు, అతనిది నువ్వు అడిగి తెలుసుకో. జాలిపడడం స్నేహం కాదు. జాలిపడేవాడు పైన నిలబడి కిందికి చూస్తాడు. స్నేహితుడు పక్కన కూర్చుంటాడు. రాజూ గంటందొరా కూర్చున్నట్టు.

ఈ నెల మీకు పని ఇది. విశాఖలో ఉన్నవారు పూర్ణా మార్కెట్టులోను, ఇతర ఊళ్ళవారు మీ బజారులోను కొండనుంచి వచ్చిన సరుకులు ఐదు వెతికి, వాటి పేర్లు, అవి వచ్చిన ఊళ్ళ పేర్లు ఒక కాగితంమీద వ్రాయండి. ఒక అడ్డాకు తెచ్చి పుస్తకంలో పెట్టి ఎండబెట్టి, కాగితానికి అతికించండి. తరువాత మీ బడిలో కొండప్రాంతంనుంచి వచ్చిన పిల్లలు ఉంటే, ఆ సరుకులను వారి ఊళ్ళో ఏమంటారో అడిగి, పక్కన ఆ మాటా వ్రాయండి. ఐదు సరుకులకు ఐదు మాటలు వస్తాయి. ఆరోది మీరు అడగకుండానే వస్తుంది. దాని పేరు స్నేహం.

వచ్చే నెల కలుసుకుందాం.